ఇంటి పెద్ద పేరు

పెనుకొండ,
15-2-1981

అత్తమ్మకు నీలావతి నమస్కారాలు. మామగారికి కూడా చెప్పండి.

గుమాస్తా ఈరప్ప చేత పంపిన చింతపండు, బెల్లం అందాయి. చింతపండులో వెతికినా ఒక్క గింజ దొరకలేదు. ఇంత ఓపిక మీకు ఎక్కడిదా అనుకుంటూ డబ్బాలోకి ఎత్తి పెట్టాను.

మా బడిలో టీచర్లందరికీ జనాభా లెక్కల పని పడింది. పొద్దున పాఠాలు, సాయంత్రం ఇల్లిల్లూ తిరగడం. నాకు కోటగోడ పక్కన రెండు వీధులు ఇచ్చారు. కాళ్లు నొప్పులు పుడుతున్నాయి గానీ ఈ పని నాకు భలే నచ్చింది అత్తమ్మా. ముక్కూ మొహం తెలియని వాళ్ల గడప దగ్గర కూర్చొని, మీరెవరు, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఏం చేస్తారు అని అడగవచ్చు. చిన్నప్పుడు ఇలాంటివి అడిగితే మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. ఇప్పుడు సర్కారు వాళ్లే కాగితం ఇచ్చి పంపిస్తున్నారు.

ఆ కాగితంలో ముందు రాయాల్సింది ఇంటి పెద్ద పేరు. ఇంటివాళ్లు ఎవరిని పెద్ద అంటే వాళ్ల పేరే రాసుకోమని మాకు చెప్పారు. ఇందులో కష్టమేముంది అనుకున్నాను. కానీ చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఒక్కరే ఉంటే "ఆయప్ప వచ్చినాక రామ్మా" అంటారు. ఎంతమంది పిల్లలని అడిగినా అదే మాట. తను కన్న పిల్లల లెక్క చెప్పడానికి కూడా ఆయనే రావాలట!

మా పక్కింటి దస్తగిరమ్మ గాజులమ్ముతుంది. పోయినసారి మీకు పచ్చగాజులు పంపింది ఆమే. ఆమె భర్త గౌస్‌సాబ్ బెంగళూరికి పోయి ఎనిమిదేళ్లయింది, మళ్లీ రాలేదు. ఇద్దరు ఆడపిల్లలను ఆమే పెంచింది, కురిసే ఇంటికి కప్పు ఆమే వేయించింది. "ఇంటికి పెద్ద ఎవరు దస్తగిరమ్మా?" అన్నాను.

"గౌస్‌సాబ్ అని రాసుకోమ్మా."

"ఆయన ఇక్కడ లేడు కదా?"

"లేకపోతే ఏమి? రేపు వచ్చి నా పేరు యాడ అంటే నేనేం చెప్పేది?"

ఆమె చెప్పినట్టే రాసుకున్నాను. కానీ అప్పటి నుంచి నాకొకటే ఆలోచన. పేరు సంగతి సరే, నిజంగా ఇళ్లలో ఏ విషయం ఎవరు తేలుస్తారు? మన ఇంట్లో ఎలా జరుగుతుంది? ఏం వండాలి, ఎవరింటికి పోవాలి, ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి పోవాలా వద్దా, ఇవన్నీ ఎవరు చెప్తారు? తప్పుగా అనుకోకండి. ఊరికే తెలుసుకోవాలని.

మీ అబ్బాయి నిన్న ధర్మవరంలో ఆ పట్టుచీరల షావుకారు దగ్గరి నుంచి వచ్చి ఇందాకే రైలుకు పోయారు. ఏదో ఆలోచనలో ఉన్నారు. వేలి కొసలు కాలి ఉన్నాయి. ఏమైందంటే వేడి టీ గ్లాసు పట్టుకున్నానన్నారు. నాలుగు వేళ్లతోనా అని అడిగితే చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

మీ కోడలు
నీలావతి


హిందూపురం,
21-2-1981

నీలావతికి అత్త దీవెనలు.

నీ జాబు మంగళవారం మన చింతపండు మండీకి వచ్చింది. మీ మామ చదివి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు జేబులో పెట్టుకొచ్చి ఇచ్చారు.

మా వీధికీ వచ్చాడు లెక్కల సారు. నేను లోపలింట్లో కూర్చొని మండీ చింతపండుకు గింజ తీస్తున్నాను. మీ మామ ఆయనకు కుర్చీ వేయించి అన్నీ తానే చెప్పారు. నా వయసు నలభై ఎనిమిది అన్నారు. నాకు యాభై రెండు. లోపలి నుంచి చెబుదామనుకున్నాను గానీ, పరాయి మనిషి ముందు ఆయన మాట కొట్టేసినట్టు ఉంటుందని ఊరుకున్నాను. నాలుగేళ్లు తగ్గితే నాకేం నష్టం? తర్వాత ఆ సారు "ఆమె ఏం పని చేస్తారు?" అన్నాడు. "పనేమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటాది" అన్నారు మీ మామ. నా చేతులు రెండూ మోచేతుల దాకా చింతపండు. నవ్వు ఆగలేదు. బయటికి వినపడుతుందని కొంగు అడ్డం పెట్టుకోబోతే అది కూడా చింతపండు అయింది.

నువ్వు అడిగినదానికి ఏం రాయాలి? మన ఇంట్లో అన్నీ మీ మామే చెప్తారు. నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నీ ప్రశ్న చదివి ఆయన "ఈ పిల్లకు బడిలో పని తక్కువైనట్టుండాదే" అన్నారు. కోపంగా కాదులే, నవ్వుతూనే.

ఇక ముఖ్యముగా తెలియజేయునది ఏమనగా, ఈ విద్యా సంవత్సరము ముగియగానే నీవు ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, చి. కృష్ణమోహన్‌తో హిందూపురము వచ్చి మా వద్దనే ఉండుట అన్ని విధముల శ్రేయస్కరమని ఇంట నిర్ణయించడమైనది. చి. కృష్ణమోహన్ ఇకమీదట మండీ వ్యవహారము చూచుకొనును. రాజీనామా పత్రము ముందుగానే ఇచ్చుట మంచిది. ఈ విషయమున సందేహము పెట్టుకొనవలదు.

ఎండలో తిరుగుతున్నావు, తలకు ఆముదం పెట్టుకో.

మీ అత్త


పెనుకొండ,
1-3-1981

అత్తమ్మకు నమస్కారాలు.

మీ జాబు గురువారం అందింది. పైభాగం రెండుసార్లు చదివి నవ్వుకున్నాను. చివరి భాగం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అవి మీరు మామూలుగా రాసే మాటలే కావు. ఎంత కష్టం మీద రాసి ఉంటారో! లేకపోతే నా పిచ్చి ప్రశ్నలకు మీకు కోపం వచ్చిందేమో.

మీ కళ్ల సంగతి మీ అబ్బాయి నాకు పోయిన నెలే చెప్పారు. పొద్దుగూకితే మీకు మసకగా ఉంటోందని, పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నారని, కోడలు దగ్గరుంటే బాగుండునని కంటతడి పెట్టుకున్నారని. మీరు మాత్రం నాతో ఒక్క మాట అనలేదు. అడగడానికి మొహమాటపడుతున్నారనుకున్నాను. ఇప్పుడు రాసేశారు.

నిన్న రాజీనామా కాగితం రాసి మా హెడ్మాస్టరు యల్లప్ప సారుకు ఇచ్చేశాను. "ఎందుకమ్మా, ఉన్నట్టుండి?" అన్నారు. "ఇంట్లో అవసరం సార్" అన్నాను. ఆయన దాన్ని పంచాయతీ సమితి ఆఫీసుకు పంపాలి. నాలుగేళ్ల పని నాలుగు వరుసల్లో అయిపోయింది.

ఒక్క మాట రాస్తాను, కోప్పడకండి. మీకు కష్టమంటే నేను రాననేదాన్ని కాదు. కానీ నన్ను ఒకసారి అడిగి ఉంటే బాగుండేది. నా రెండో తరగతిలో ఈ ఏడు ఆడపిల్లలే ఇరవై ముగ్గురు. అందులో పదకొండు మందిని నేనే ఇళ్లకు పోయి, వాళ్ల అవ్వలతో వాదించి తెచ్చుకున్నాను. రేపటి నుంచి వాళ్ల మొహాలు చూడాలంటే ఎలాగో ఉంది.

ఈ పొద్దున దస్తగిరమ్మ వచ్చింది. "ఆ లెక్కల కాగితం ఇంకా నీ దగ్గరే ఉండాదా?" అంది. ఐదో తేదీ దాకా దిద్దుకోవచ్చన్నాను. "అట్లయితే గౌస్‌సాబ్ పేరు కొట్టేసి నా పేరు రాయి" అంది. ఆయన వచ్చి అడిగితేనో అన్నాను. "అడగనీలే. ముందు రావల్ల గదా" అంది. రాసి చూపించాను. చదవడం రాకపోయినా కాగితం చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసుకుంది.

సెలవులు రాగానే మిమ్మల్ని అనంతపురంలో కంటి డాక్టరుకు చూపిస్తాను. అప్పటిదాకా మునగాకు తినండి. దీపం పెట్టాక పొయ్యి దగ్గరికి పోకండి.

మీ కోడలు
నీలావతి


హిందూపురం,
7-3-1981

నీలావతీ,

నా కళ్లకేమైంది? దీవెనలు తర్వాత, ముందు ఇది చెప్పు.

నీ జాబు వచ్చిన రోజు మీ మామ మడకశిర పోయి ఉన్నారు. ఈరప్ప మండీలో గుమాస్తా కదా, జాబు తెచ్చి నా చేతికే ఇచ్చాడు. అంటించిన జాబును నా చేత్తో నేను చింపడం ఇదే మొదలు. చదివి, వెంటనే పోయి సూదిలో దారం ఎక్కించి చూసుకున్నాను. ఒక్కసారికే ఎక్కింది. చెయ్యి కాలిన మాట నిజమే, అది పోయిన ఉగాదికి పెనం మీద ఓళిగలు కాల్చేటప్పుడు. ఓళిగలు చేసే మనిషికి ఏడాదికోసారి చెయ్యి కాలదా? కంటతడి మాత్రం నేను పెట్టుకోలేదు. నువ్వు వచ్చి ఉండాలని వాడితో అననూ లేదు.

కృష్ణ మాకు చెప్పిన కథ వేరే. నువ్వే ఉద్యోగం చేయలేక అలసిపోయావట. మానేస్తానని రోజూ ఏడుస్తున్నావట. మాకు రాయడానికి సిగ్గుపడుతున్నావట, మేమే పిలిస్తే నీకు గౌరవంగా ఉంటుందట. మీ మామ అది నమ్మారు. కోడలి పిల్లకు మాట పడకుండా మనమే పిలుద్దామని, నన్ను కూర్చోబెట్టి ఆ చివరి ముక్క చెప్పి రాయించారు. ఆయన చదువుకున్నప్పటి తెలుగు అట్లే ఉంటుంది. చెయ్యి నాది, మాట ఆయనది. కానీ రాసేటప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు నీలా. ఈ పిల్లను అడిగినామా అని నాకూ తోచలేదు. ఆ తప్పు నాది.

కాగితం ఇంకా సమితి ఆఫీసుకు పోకుండా ఉంటే వెనక్కి తీసుకో. పోయి ఉంటే ఏం చేయాలో కనుక్కో. కృష్ణను మాత్రం చూడగానే తిట్టకు. వాడికి చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పడం వచ్చేది కాదు, చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు ఇద్దరికి రెండు అబద్ధాలు చెప్పాడంటే ఏదో ఉంది. అదేమిటో ముందు తెలుసుకో. తిట్టడానికి నేనున్నాను.

నువ్వు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ పది రోజులు మా ఇంటిని నేనే పరాయిదానిలా చూస్తున్నాను. రోజూ పొద్దున "ఈ పొద్దు ఏం చేయాల?" అని ఆయనను అడుగుతాను. "ఏదో ఒకటి చెయ్యి" అంటారు. వంట నా ఇష్టమే అన్నమాట, ఆయన అడ్డమే రాలేదు. మరి ముప్పై ఏళ్లుగా ఎందుకు అడుగుతున్నాను? నాకే తెలియడం లేదు. ఇంకొకటి విను. నా పెట్టెలో చీరలన్నీ ఇటుక రంగువే. ఆయనకు ఆ రంగు ఇష్టమని కట్టుకుంటున్నాను. మొన్న ధైర్యం చేసి "ఎప్పుడూ ఇదే రంగు తెస్తారేమి?" అన్నాను. "నీకు ఇష్టమని గదా తెస్తాండా!" అన్నారు. ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇకనుంచి జాబు మండీకి వద్దు. ఇంటి నంబరు వేసి నా పేరు మీద రాయి. పోస్టాయన పక్కింటి శంకరమ్మ దగ్గరికి రోజూ వస్తాడు, మన గడప ఆయనకు దూరమేమీ కాదు.

మీ అత్త


పెనుకొండ,
16-3-1981

అత్తమ్మకు,

ఇంటి నంబరు వేసి, శ్రీమతి రాజేశ్వరమ్మ గారికి అని పూర్తిగా రాశాను. మీ పేరు ఇలా కవరు మీద రాయడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ మామగారి పేరు రాసి, కింద మీకని రాసేదాన్ని.

ఆయన శనివారం వచ్చారు. మీరు చెప్పినట్టే తిట్టలేదు. అన్నం తిన్నాక మీ జాబు చేతిలో పెట్టాను. చదివి, దాన్ని ఉన్న మడతల ప్రకారమే మళ్లీ మడిచారు. చెవులు నిజంగానే ఎర్రబడ్డాయి.

"నేను ధర్మవరంలో ఉండలేను నీలా" అన్నారు.

"ఆ మాటే చెప్పొచ్చు కదా?"

"ఎవురికి చెప్పేది? నన్ను ఆడ పెట్టింది నాయన. ఆ షావుకారు నాయనకు స్నేహితుడు. నాకు ఇష్టం లేదంటే ఆ మాట మన ఇంట్లో యాడ నిలబడతాది? నువ్వు హిందూపురం పోతే నాయన నన్నూ ఆడికే పిలుస్తాడు, ధర్మవరం తప్పుతాదనుకున్నా. నీకు కష్టమంటే నాయన వింటాడు. అమ్మకు కష్టమంటే నువ్వు వింటావు. నాకు కష్టమంటే వినేవాళ్లు ఎవురో నాకు తెలీలేదు."

నాకు కోపం అప్పటిదాకా ఉంది. ఆ తర్వాత ఏమైందో వెతుక్కోవాల్సి వచ్చింది.

అక్కడ ఆయన చేసేది లెక్కలు రాసే పని అనే మనమందరం అనుకున్నాం. కాదట. నేతగాళ్లు నేసి తెచ్చిన పట్టుచీరను వెలుతురుకు పట్టి చూసి, లేని తప్పును ఉందని చెప్పడమట. తప్పు ఉందంటే కూలి తగ్గించవచ్చు. మొన్న ఓబుళప్ప అని ఒక పెద్దాయన చీర తెచ్చాడట. ఈయన తప్పుందని అనగానే, "నాకు చూపు తక్కువప్పా, నా వేలు పట్టుకొని ఆ చోట పెట్టు, నేనూ తెలుసుకుంటా" అని చెయ్యి ముందుకు చాచాడట. "ఆయప్ప వేలు పట్టుకొని పెట్టినా నీలా. ఏమీ లేని చోట పెట్టినా. ఆయప్ప ఆడనే తడిమి తడిమి చూసుకున్నాడు" అన్నారు. చెప్తూ చెప్తూ గోడ వైపు తిరిగారు.

వేళ్లు కాలిన సంగతి కూడా తేలింది. సాయంత్రాలు అక్కడ ఒక రేడియో రిపేరు అంగట్లో కూర్చొని, టంకం వేయడం నేర్చుకుంటున్నారట. ఏడాదిగా! మండీలో కూర్చోవాలని కూడా ఆయనకు లేదు అత్తమ్మా. అది మామగారికి ఎలా చెప్పాలో తెలియక మన ఇద్దరినీ అడ్డం పెట్టుకున్నారు.

ఈ పొద్దున యల్లప్ప సారు దగ్గరికి పోయాను. "సార్, నా కాగితం..." అనగానే సొరుగు లాగి తీసి ఇచ్చారు. పంపనేలేదట. ఎందుకు పంపలేదని అడిగాను. "మీ ఆయన వచ్చి ఒక మాట చెప్తాడేమోనని పెట్టినా తల్లీ. రేపు ఆయన నాకు తెలీదంటే మాట నాకొస్తాది గదా" అన్నారు. చేతులెత్తి దండం పెట్టాను. గుమ్మం దాటాక కోపం వచ్చింది. నా ఉద్యోగానికి నా సంతకం చాలదు! ఉద్యోగం దక్కినందుకు సంతోషం, దక్కిన తీరుకు కోపం, రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో నాకు తెలియదు. నేను మాత్రం వేపచెట్టు కింద నిలబడి కాగితాన్ని చింపేశాను. ఎవరినీ అడగలేదు.

మామగారికి ఇప్పుడే ఏమీ చెప్పకండి. మీ అబ్బాయి తన నోటితోనే చెప్తానంటున్నారు, కొంచెం సమయం కావాలట.

మీ కోడలు
నీలావతి


హిందూపురం,
24-3-1981

నీలావతికి అత్త దీవెనలు.

చెప్పొద్దని నువ్వు రాసినా నేను చెప్పేశాను. నీ జాబు దిండు కింద పెట్టుకొని రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు చెప్పాను. కృష్ణకు కోపం వస్తే రానివ్వు. వాడి సమయం ముప్పై ఏళ్లకు గానీ రాదు, నేను వాడి అమ్మను, నాకు తెలుసు.

మీ మామ మజ్జిగన్నం దాకా వచ్చాక మొదలుపెట్టాను. "నీలావతి ఉద్యోగం మానేది లేదు" అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"ఆమే చెప్పింది. నేనూ చెప్తాండా."

"మానాలని ఆ పిల్లే గదా అనింది?"

"అనలేదు. రమ్మని నేనూ అనలేదు. ఎవురూ ఎవురినీ అడగలేదు" అని, కృష్ణ సంగతి, నేతగాళ్ల చీరల సంగతి, రేడియోల సంగతి అన్నీ చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "వాడు నాతో చెప్పొచ్చు గదా. నేనేమన్నా పులినా?" అన్నారు.

"మీరు ఎప్పుడన్నా అడిగినారా?"

"అడిగేదేముండాది? బిడ్డకు మంచిదని పెట్టినా." తర్వాత తలెత్తి నన్ను చూశారు. "నీకు నేను ఎప్పుడన్నా ఏదన్నా వద్దన్నానా?" అన్నారు.

నేను ఆలోచించాను. జగడానికి కాదు నీలా, నిజంగానే కూర్చొని ఆలోచించాను. మా అన్న కూతురి పెళ్లికి పోలేదు. పళ్లు నొచ్చినప్పుడు మూడు నెలలు లవంగంతోనే గడిపాను. వాటిలో ఒక్కదానికీ ఆయన వద్దనలేదు. "చూద్దాంలే" అన్నారు, అంతే. నేను దాన్ని వద్దు అని విన్నాను. "వద్దనలేదు. కావల్నా అని కూడా అడగలేదు" అన్నాను.

లేచి చెయ్యి కడుక్కొని వెళ్లిపోయారు. మూడు రోజులు మాటల్లేవు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉంటే, "ఈరప్పా, తాగేకి నీళ్లు ఇమ్మని చెప్పు" అంటారు. ఈరప్ప పాపం నా మొహం, ఆయన మొహం చూసి, తానే పోయి కడవలో ముంచి తెచ్చాడు. నేనూ పొద్దున్నే "ఏం చేయాల?" అని అడగడం మానేశాను. నాకు తోచింది వండాను. కంచంలో ఏమీ మిగల్లేదు, అది చూశాను.

నాలుగో రోజు పొద్దున వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎప్పుడూ అక్కడికి రారు.

"నీకేం కావల్ల చెప్పు. ఊరికే అడుగుతాండా" అన్నారు.

నీలా, చీర అందామా అంటే వద్దనిపించింది. నగ అందామంటే నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు అడగలేదని అంత గట్టిగా అన్నదాన్ని, అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎంత సిగ్గేసిందో! "యోచన చేసి చెప్తా" అన్నాను. "ఎన్ని దినాలు?" అన్నారు. "తెలీదు" అన్నాను. తల ఊపి మండీకి పోయారు.

నిన్ను ఎవరైనా అలా అడిగితే వెంటనే చెప్పగలవా? నిజం రాయి.

మీ అత్త


పెనుకొండ,
26-4-1981

అత్తమ్మకు నమస్కారాలు.

జవాబుకు ఆలస్యమైంది. మీ ప్రశ్నకు నిజం రాయమన్నారు. నేనూ వెంటనే చెప్పలేను. ఏది వద్దో అయితే చాలా చెప్పగలను.

ఇక్కడ ఒక వింత జరిగింది. మీ అబ్బాయి మారిపోయారు. "నీలా, ఇంక నేను ఏదీ తేల్చను. నువ్వేమంటే అదే" అంటారు. ధర్మవరం మానేయనా అంటారు. మీ ఇష్టం అంటే, కాదు నువ్వే చెప్పు అంటారు. నేను మొదట మురిసిపోయాను. రెండు వారాలకు ఒళ్లు మండింది. రేపు ఏదైనా చెడితే నువ్వే కదా చెప్పావు అనడానికి ఇది బాగా పనికొస్తుంది. ఆ మాటే అన్నాను. పెళ్లయ్యాక మేం గట్టిగా అరుచుకున్నది అప్పుడే. దస్తగిరమ్మ గోడ అవతలి నుంచి "ఏమమ్మా, బాగుండారా?" అంది. "బాగున్నాం" అని ఇద్దరం ఒకేసారి అరిచి, నవ్వేశాం.

ఆ తర్వాత కూర్చొని మాట్లాడుకున్నాం. నాకు ఈ బడి కావాలి. ఆయనకు రేడియోలు కావాలి. వారానికొకసారి రైలు దగ్గర ఎదురుచూడటం ఇద్దరికీ వద్దు. ఈ మూడూ కుదరాలంటే ఆయనే పెనుకొండకు రావాలి. ఆయన రేడియో అంగడికి బస్టాండు పక్కన ఒక చిన్న గది చూసుకున్నాం. మే నెలాఖరుకు ధర్మవరం విడిచిపెడతారు. పెళ్లాం ఊరికి మొగుడు వచ్చాడని వీధిలో అనుకుంటారు. ఆయనకు అది కష్టంగానే ఉంది, లేదని అబద్ధం చెప్పడం లేదు. ఇప్పుడు అబద్ధాలు బాగా తగ్గాయి.

వచ్చే వారం ఆయన హిందూపురం వచ్చి మామగారితో చెప్తారు. నేను తోడు వస్తానన్నాను, వద్దన్నారు. మామగారికి నేను కూడా ఒక జాబు రాశాను, మండీకే పంపాను. అది అనుమతి అడగడమో, మేం అనుకున్నది చెప్పడమో, రాశాక చదువుకుంటే నాకే తెలియలేదు. ఆయన ఎలా తీసుకున్నారో మీరే రాయాలి.

మీకేం కావాలో తేలిందా?

మీ కోడలు
నీలావతి


హిందూపురం,
30-5-1981

నీలావతికి అత్త దీవెనలు.

కృష్ణ వచ్చి పోయిన సంగతి వాడు చెప్పే ఉంటాడు. వాడు చెప్పనిది నేను రాస్తాను. వాళ్ల నాయన ముందు నిలబడి మొత్తం చెప్పాడు. మధ్యలో ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పాడు. మీ మామ "రేడియోలు బాగుచేసేది ఒక పనా?" అన్నారు. "పనే నాయనా" అన్నాడు. వాడు పోయాక మీ మామ నాతో "ఎదురుగా నిలబడి చెప్పినాడు చూడు" అన్నారు. కోపమో గర్వమో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

నీ జాబు మాత్రం ఆయన మూడుసార్లు చదివారు. "ఈ పిల్ల అడుగుతాండాదా, చెప్తాండాదా?" అన్నారు. నాకూ తెలీదన్నాను. జవాబు రాయలేదు. కానీ ధర్మవరం షావుకారికి తానే జాబు రాసి, కొడుకు ఇక రాడని చెప్పారు. మండీలో రేడియో చెడిపోయిందని, సోమవారం ఈరప్ప చేత మీకు పంపుతున్నారు. అది చెడిపోలేదు. ఈ పొద్దున దాంట్లో వార్తలు విన్నాను. కృష్ణతో ఆ మాట అనకు, విప్పి చూసి, మళ్లీ బిగించి పంపమని చెప్పు.

ఇక నా సంగతి. తేలింది.

మొన్న ఎసరు పెట్టి, అది మరిగేదాకా పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. అప్పుడు తెలిసింది, నాకు ఈ పొయ్యి ముందు నిలబడకుండా ఉండాలని ఉంది. ఎప్పటికీ కాదు. పదిహేను రోజులు. పురుళ్లకు తప్ప పెళ్లయినప్పటి నుంచి ఒక్క పూట నేను వండకుండా పోలేదు. ఎవరో వండి పెడితే కూర్చొని తిని, మళ్లీ పూటకు ఏం చేయాలా అని ఆలోచించకుండా ఉంటే ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఇంత చిన్న సంగతికి రెండు నెలలు పట్టిందని నవ్వుకోకు.

మీ మామకు చెప్పాను. "ఒంట్లో బాగలేదా?" అన్నారు. బాగానే ఉందన్నాను. "మరి?" అన్నారు. "ఏమీ లేదు. ఇదే నాకు కావల్సింది. పెనుకొండకు పోతా."

"సరే, నేను వచ్చి విడిచి వస్తా."

"వద్దు. ఒక్కదాన్నే పోతా."

చిన్న గొంతుతో "నాకు అన్నం ఎట్ల?" అన్నారు. నా మనసు జారింది, దాచుకోను. పది రోజులకు కుదించుకుందామా అని నోటిదాకా వచ్చింది. ఆపుకొని, "మీరు కూడా యోచన చేయండి" అన్నాను. నిన్న చెప్పారు, మధ్యాహ్నం హోటల్లో తింటారట, పొద్దున ఉప్మా తానే చేసుకుంటారట. రవ్వ ఎంత, నీళ్లు ఎంత అని నన్ను అడిగి ఒక చీటీ మీద రాసుకున్నారు.

గురువారం పొద్దున బస్సుకు వస్తాను. ముందే చెప్తున్నాను, నేను సాయానికి రావడం లేదు. కూరగాయలు తరగను, గిన్నెలు తోమను, పప్పులో ఉప్పు చూడను. వంట నువ్వు చేస్తావో కృష్ణ చేస్తాడో మీరిద్దరూ తేల్చుకోండి. ఎట్లున్నా తింటాను.

బస్టాండుకు ఎవరూ రావద్దు. దిగి, టీచరమ్మ నీలావతి ఇల్లు యాడ అని అడుగుతాను. ఒకరికి తెలియకపోతే ఇంకొకరిని అడుగుతాను.

రాజేశ్వరమ్మ